తిరుగు చెంబు

నమోదు 1. సృష్టి సం. 6213, సోమవారం

యంత్రం గది రోజువారీ రాత. కరెంటు సరిగానే ఉంది. గది చల్లగానే ఉంది. యంత్రానికి ఈరోజు పని లేదు.

ఈ పుస్తకంలో అంతకు మించి రాయనక్కరలేదు. సంఘం వాళ్లు నెలకోసారి వచ్చి సంతకం ఉందో లేదో చూసి పోతారు. చదివిన పాపాన ఎవరూ పోలేదు. మిగతా జాగా ఖాళీగా పోతోంది కదా అని రాస్తున్నాను. స్టీఫెను పోయినప్పటి నుంచి ఇంట్లో మాట్లాడే అలవాటు తప్పింది. మామకు చెవులు సగమే వినపడతాయి.

స్టీఫెను నా మొగుడు. పోయిన ఎండాకాలం సౌరపలకల మీద దుమ్ము తుడవడానికి పైకి పోయి, ఎండదెబ్బ తగిలి పడిపోయాడు. కిందికి మోసుకొచ్చేసరికే అయిపోయింది. నేను ఏడవలేదు. మా ఊరు ఏలీములో ఎవరైనా ఏడిస్తే "నీళ్లు దండగ" అని కసురుతారు, చంటిపిల్లలకు కూడా అదే నేర్పుతారు. అలాంటివాళ్లు నా చుట్టూ చేరి "ఏడ్వు మ్మే, లోపల పెట్టుకోవాకు" అని బతిమాలారు. రాలేదు. ఇప్పటికీ రాలేదు. రానిదాన్ని ఎక్కడి నుంచి తెచ్చేది? లేచి గిన్నెలు కడిగాను.

ఈరోజు కూడా అంతే. లేచి, మా వీధి గాలి వడపోత గుడ్డలు దులిపి, మా వాటా నీళ్లు తెచ్చి, మామ కాళ్లు తడిగుడ్డతో తుడిచి, ఆయనకు గంజి పోసి, సొరంగం వెంబడి నడిచి ఈ గదికి వచ్చేసరికి వైర్‌లెస్ మోగుతోంది. బొమ్మలగవి నుంచి. అదీ మాలాంటి ఊరే, కొండ లోపల తొలుచుకున్నది. ఇక్కడి నుంచి రెండు రాత్రుల నడక. పగలు పైన ఎవరూ నడవరు. నా చెల్లెలు ఎస్తేరును ఆ ఊరికే ఇచ్చాం.

"క్కా, మా బోరు ఎండిపోయింది. బురద గూడా రావడం ల్యా. ట్యాంకులో ఉండేది నెల వస్తే గొప్ప. మీ సంఘపోళ్లను అడుగు. మేం మూడు వందల మందిమి. గేటు తీస్తారా, తీయరా?"

"అడుగుతాను."

"అడుగుతానంటే కాదు మ్మే. అడిగి కూర్చో ఆడ్నే. హన్నా ఉండాది నాతో. దానికి ఆరేండ్లు."

అడిగాను. మేమూ మూడు వందల పైచిలుకు ఉన్నాం. గేటు, నీళ్ల వాటాలు చూసే యాకోబు వెంటనే లేచాడు. "తాను దూర కంత లేదు, మెడకో డోలా? వద్దు." సంఘం పెద్ద సువార్తమ్మ ఆయన్ను కూర్చోమంది. ఆమె మాట ఎప్పుడూ కత్తిరించినట్టు ఉంటుంది.

"అయ్యగారు బోరు నీళ్లను కొలిచి వయసు చెప్పనీ. ఏటేటా పుట్టే నీళ్లయితే ఎంత మందొచ్చినా భయం ల్యా, గేటు తీస్తాం. పాత నీళ్లయితే కుండలో నీళ్ల మాదిరి ఒకనాడు అడుగంటుతాయి. అప్పుడు తీయం. ఏటా కొలిచే సృష్టి పండుగ దాకా ఆగేదానికి ల్యా. ముందే కొలవండి."

అందరూ నిమ్మళంగా ఇళ్లకు పోయారు. నీళ్ల వయసు ఏం వస్తుందో అందరికీ తెలుసు. నలభై ఏళ్లుగా ఒకటే వస్తోంది.


నమోదు 2. సృష్టి సం. 6213, మంగళవారం

కరెంటు సరిగానే ఉంది. బోరు దగ్గర నీళ్లు పట్టి సీసా యంత్రంలో పెట్టాను.

అయ్యగారంటే మా మామ, డాక్టర్ దేవదానం. ఈ యంత్రాన్ని నిలబెట్టింది ఆయనే. నీళ్లు గాలి తగలకుండా రాతి కింద ఎంత కాలం ఉంటే వాటిలో కరిగిన కార్బన్ అంతగా చల్లారిపోతుంది. ఎంత చల్లారిందో చూసి యంత్రం వయసు చెబుతుంది. దీని మీద పనిచేయడం నాకు ఆయనే నేర్పాడు. కొడుకుకు నేర్పబోతే తనకు పైన గాలి కావాలన్నాడట. కావాలన్న గాలి దొరికింది.

మామ ఒక చిన్న పుస్తకం రాశాడు. 'భూమి వయసును గూర్చి ఒక సాక్ష్యము'. ఏలీములో అది చదవని ఇల్లు లేదు. మా తారీఖులు కూడా దాని ప్రకారమే. ప్రతి సృష్టి పండుగనాడు ప్రార్థన మందిరంలో బిగ్గరగా చదువుతారు. నాకు నోటికి వచ్చు:

"వానలు నిలిచిపోయిన దేశములో, రాతి గర్భమందు, నీరు నిన్నటిదై యున్నది. నేను నా చేతులతో కొలిచితిని. దానిని ఎవరు పోసిరి? పైనుండి రాలేదు, పక్కనుండి రాలేదు. కాబట్టి సృష్టి ముగిసిన పని కాదు. ఏటేటా జరుగుచున్న పని. భూమిని ముదుసలి అని పిలిచిన మా గురువులు దాని ముఖపు ముడతలు చూచిరి గాని, దాని పాలు చూడలేదు."

ఇది ఎవరో మూఢుడు రాసింది కాదు. రాళ్ల వయసు కోట్లలో వస్తుందని మామకు బాగా తెలుసు, ఆయన చదువుకున్నదే అది. అయినా మా బోరు నీళ్లను కొలిచినప్పుడల్లా నిన్నటి వయసే వచ్చింది. నేను పుట్టాక వాన చూడలేదు. మరి నిన్నటి నీళ్లు ఎక్కడివి? ఆయన మోకరించాడు. ఆయన స్థానంలో ఎవరున్నా అదే చేసేవాళ్లేమో. నేను మోకరించేదాన్ని కాదులే, యంత్రం విప్పి తుడిచేదాన్ని. మందిరంలో నా ప్రార్థన పెదవుల వరకే అని మామకు తెలుసు. ఎన్నడూ ఏమీ అనలేదు.

ప్రతి ఏడూ పండుగనాడు, మందిరంలోనే ఉన్న బోరు దగ్గర, అందరి ముందర, పాటలు పాడుతుండగా, మామ తన చేత్తో బోరులోకి సీసా దించి నీళ్లు తీసేవాడు. కొలవడం ఆయనకు ఆరాధన. ఏడాదికి ఒక్కసారే. ఇప్పుడు చేతులు వణుకుతున్నాయి, మెట్లు దిగలేడు. పైగా పండుగ ఇంకా రాలేదు. అందుకని నేనే పోయాను. మోటారు చాలాసేపు ఆడించి, నీళ్లు నిలకడగా వచ్చాక గొట్టం దగ్గరే పట్టాను. పక్క ఊళ్ల బోర్లు చూడటానికి పోయినప్పుడు మామ నేర్పిన పద్ధతి అది.

"పట్టినావా?" అన్నాడు ఇంటికి రాగానే.

"పట్టాను."

"మీ చెల్లెలికి చెప్పు, మూటలు సర్దుకోమని." నవ్వాడు. ఆయనకు పళ్లు మిగల్లేదు, నవ్వు మాత్రం బాగుంటుంది.

ఎస్తేరుకు చెప్పలేదు. ఫలితం వచ్చాక చెబుదామని.


నమోదు 3. సృష్టి సం. 6213, శుక్రవారం

కరెంటు సరిగానే ఉంది. నీటి వయసు ఇరవై రెండు వేల ఏళ్లు.

పైన తారీఖు ఉంది, కింద వయసు ఉంది. రెండూ నా చేతిరాతే. భూమి పుట్టడానికి దాదాపు పదహారు వేల ఏళ్ల ముందటి నీళ్లతో ఈ పొద్దున పళ్లు తోముకున్నాను. రుచి మామూలుగానే ఉంది.

భయం వేయాలి. ఆశ్చర్యమన్నా కలగాలి. ఏమీ లేదు. స్టీఫెనును కిందికి దించిన రోజు ఎలా ఉన్నానో అలాగే ఉన్నాను, చలిమిడి ముద్దలాగా. నాదే తప్పయి ఉంటుందని సీసాలు మళ్లీ కడిగి, మళ్లీ బోరు దగ్గరికి పోయి, మోటారు ఇంకా ఎక్కువసేపు ఆడించి పట్టాను. మళ్లీ అదే వచ్చింది.

మధ్యాహ్నం ఎస్తేరు పిలిచింది.

"ఏమన్నారు?"

"ఇంకా కొలుస్తున్నాం."

"ఎంతసేపు కొలుస్తారు మ్మే? పెండ్లి ముహూర్తమా? ఈడ వాటా సగం చేసినారు. హన్నా పొద్దున గ్లాసు అడుగున రెండు గుక్కలు మిగిలించి దాచిపెట్టుకుంటాది. ఎవరు చెప్పినారో ఏమో, నేనైతే చెప్పల్యా."

"చూస్తాను."

"నువ్వు చూస్తాను అన్నప్పుడల్లా నాకు భయం" అని పెట్టేసింది.

నిజం చెబితే గేటు తీయరు. సువార్తమ్మ మాట తప్పే మనిషి కాదు. ఎస్తేరు, హన్నా అక్కడే ఉండిపోతారు. వేరే ఊరేదీ లేదు.


నమోదు 4. సృష్టి సం. 6213, ఆదివారం

పండుగ వారం మొదలైంది. ఇంటింటా తిరుగు చెంబులు పెట్టారు. నేనూ పెట్టాను.

ఇది మా ఏలీము ఆచారం, ఇంకెక్కడా లేదు. బోరు తొలిసారి పడినప్పుడు మామే మొదలుపెట్టాడట. ఇచ్చినవాడికి కాస్త తిరిగి ఇవ్వాలని. ప్రతి మనిషికీ ఒక చెంబు. ఎవరి వాటాలోంచి వాళ్లే నింపి, ఇంట్లో ప్రార్థన అలమరలో వారం రోజులు ఉంచుతారు. మూత పెట్టరు, ప్రార్థన తగలాలి కదా! మూతికి పలుచని గుడ్డ మాత్రం కడతారు. పండుగనాడు అందరూ వరుసగా వచ్చి ఆ నీళ్లను బోరులోనే పోస్తారు. పోయినవాళ్ల చెంబు కూడా ఒక ఏడాది పెడతారు.

అందుకని మా ఇంట్లో మూడు చెంబులు. మామది, నాది, స్టీఫెనుది. స్టీఫెను చెంబుకు ఒక పక్క సొట్ట ఉంది. చిన్నప్పుడు దాన్ని సొరంగంలో బంతిలాగా తన్నుకుంటూ పోయేవాడట. కడిగి, నింపి, గుడ్డ కట్టాను. గుడ్డ మీద చెయ్యి పెడితే చల్లగా తగిలింది. గుడ్డలోంచి గాలి ఆడుతోంది.

అక్కడ ఆగిపోయాను.

వారం రోజులు గాలి తగిలిన నీళ్లు. ఆ నీళ్లలో కార్బన్ కొత్తగా చేరుతుంది, గదిలో మేం వదిలిన ఊపిరిది. మూడు వందల చెంబులు ఒకదాని వెంట ఒకటి బోరులో పడతాయి. పండుగ విశ్రాంతి దినం కాబట్టి ముందు రోజే మోటారు ఆపేస్తారు. నీళ్లు కదలవు. పోసినవి పోసినట్టు పైనే నిలబడతాయి. చివరి చెంబు పడ్డాక, పాట మొదలయ్యాక, మామ సీసా దించుతాడు.

మేం పోసిందే మళ్లీ తోడుకున్నాం. నలభై ఏళ్లు.

నా చెంబు తీసుకుని యంత్రం గదికి వచ్చాను. వారం ఆగకుండా, గాలి బుడగలు పంపే చిన్న పంపు పెట్టి రాత్రంతా గాలి ఆడించమని వదిలాను. అదే సరిపోతుంది.


నమోదు 5. సృష్టి సం. 6213, బుధవారం

కరెంటు సరిగానే ఉంది. చెంబు నీటి వయసు నిన్నటిది. మామ పుస్తకంలో ఉన్నట్టే.

పోయి చెప్పాను. మామ మంచం మీద కూర్చుని దుప్పటి అంచు మడత పెడుతున్నాడు. చెవి దగ్గర నోరు పెట్టి గట్టిగా చెప్పాల్సి వచ్చింది. ఇలాంటి సంగతి అరిచి చెప్పాల్సి రావడం కరువులో అధికమాసం లాంటిది.

"మామా, మోటారు ఆడించి పట్టిన నీళ్లకు ఇరవై రెండు వేల ఏండ్లు. రెండుసార్లు చూశాను. చెంబు నీళ్లకు నిన్నటి వయసు. పండుగనాడు మీరు తీసేది చెంబు నీళ్లు."

ఆయన కోప్పడలేదు. అడగాల్సిన ప్రశ్నలన్నీ అడిగాడు. సీసా కడిగావా, మూత బిగించావా, యంత్రాన్ని సున్నాకు తెచ్చి పెట్టావా. అన్నిటికీ తల ఊపాను.

"మోటారు ఎంతసేపు ఆడించినావు?"

"నిలకడగా వచ్చేదాకా. మీరు నేర్పినట్లే."

"నేను నేర్పినట్లే." కళ్లు మూసుకున్నాడు. "పరాయి ఊరి బోరు దగ్గర ఒక్కనాడన్నా మోటారు ఆడించకుండా పట్టల్యా మార్తమ్మా. మన బోరు దగ్గర మటుకు..."

"పండుగ కదా మామా."

"పండుగ" అన్నాడు. దుప్పటి అంచు మడత విప్పేశాడు. "దేవుని చెయ్యి కొలుస్తాండా అనుకున్నా. కొలిచింది మన చెంబులను."

గంజి ముట్టలేదు. నేను ఇంట్లో పనంతా చేశాను. చేయాల్సిన పని అయిపోయాక, చేయనక్కరలేనిది కూడా చేశాను. తర్వాత ఆయన పక్కన కూర్చుని అడగాల్సింది అడిగాను.

"ఇది మనిద్దరికే తెలుసు. చెంబు లెక్కే సంఘానికి చెప్పండి. మీ రాత మీకుంటుంది. గేటు తీస్తారు. ఎస్తేరు వస్తుంది."

"అబద్ధ సాక్ష్యం చెప్పమంటావా నన్ను?"

"ఇన్నేండ్లూ చెప్పిందేమిటి?"

ఆ మాట అనకూడదు. అనేశాను.

"తెలీక చెప్పినా. తెలిసి చెప్పల్యా."

"తెలిసి చెప్పినా తెలీక చెప్పినా తాగే నీళ్లు అవే కదా! నా చెల్లెలు అక్కడ నాలుక పిడచగట్టి కూర్చుంటే మీకు మీ సాక్ష్యం కావలసి వచ్చిందా? కొడుకును పైకి పంపి చంపుకున్నారు, ఇప్పుడు..."

పక్కింటివాళ్లు తలుపు సందులోంచి చూశారు. నాకు ఇంత గొంతు ఉందని నేనే మరిచిపోయాను. మామ చెయ్యి చాచి నా మణికట్టు పట్టుకున్నాడు. విదిలించుకోలేదు, అలా అని పట్టుకోనూ లేదు.

"ఆ బిడ్డకు ఎన్నేండ్లు?"

"హన్నాకా? ఆరు."

"ఆ బిడ్డ ఈడ పెరుగుతాది అనుకో. పెద్దదవుతాది. ఒకనాడు బోరులో ఉత్త గాలి శబ్దం వినపడతాది. అప్పుడు నా పుస్తకం చేతిలో పెట్టుకొని, ఏటేటా పుట్టే నీళ్ల కోసం కాచుకొని కూర్చుంటాది. వేరే యాడైనా వెతకాలని గూడా తోచదు. దానికి నేను రాసిపెట్టింది అదే కదా. అట్ల సచ్చిపోనీమంటావా?"

కాగితం తీశాను. ఏటా ఎంత పైపు అదనంగా దించుతున్నామో అందరికీ తెలుసు. దాన్ని బట్టి లెక్క వేశాం, ఆయన చెబుతుంటే నేను రాశాను. మేం మాత్రమే తాగితే నలభై ఏళ్లు. బొమ్మలగవి వాళ్లతో కలిసి తాగితే ఇరవై.


నమోదు 6. సృష్టి సం. 6213, శుక్రవారం

మామను కుర్చీలో మోసుకుని మందిరానికి తీసుకుపోయాం. ఊరంతా వచ్చింది. పుస్తకం చదవబోతున్నారేమో అన్నట్టు అందరూ బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు.

ఆయన చెప్పాడు. పెద్ద పెద్ద మాటలు ఏమీ లేవు. "నీళ్లు పాతవి. నేను తప్పు కొలిచినా. మన చెంబులను కొలిచి దేవుని పని అని రాసినా. నన్ను క్షమించండి. ఇరవై రెండు వేల ఏండ్ల కిందట నిండిన కుండ ఇది. నింపేదానికి మళ్లీ ఎవరూ రారు." తర్వాత నలభై, ఇరవై లెక్క కూడా చెప్పాడు.

ఒకేసారి అందరూ మాట్లాడారు. ఒక ముసలామె ఏడ్చింది. పక్కామె "నీళ్లు దండగ" అంది, తర్వాత తనే ఏడ్చింది. కొందరు అయ్యగారికి వయసు మీద పడి ఏదో అంటున్నాడన్నారు. యాకోబు లేచాడు.

"అయితే ఇంగ మాటేముండాది? పాత నీళ్లయితే గేటు తీయమని సువార్తమ్మే చెప్పింది. నాకేం వాళ్ల మీద పగ ల్యా. మన పిల్లోళ్ల నోట్లో నీళ్లు తీసి పక్కోళ్లకు పోయలేం."

నేను నేల చూస్తూ కూర్చున్నాను. ఎస్తేరుకు ఈ సంగతి ఏ మాటల్లో చెప్పాలా అని ఆలోచించాను. ఒక్క మాట కూడా కుదరలేదు.

సువార్తమ్మ కొంగు చివర వేలికి చుట్టుకుని విప్పింది.

"ఆ మాట అన్నది నేనే. నిజమే" అంది. "అయితే ఒక సంగతి చెప్పు యాకోబూ. ఏటేటా దేవుడు మన బోరులో పోస్తాండాడు అనుకున్నాం. మనకే పోస్తాండాడు కాబట్టి మనవే అనుకున్నాం. ఇప్పుడు అయ్యగారు ఇవి ఇరవై రెండు వేల ఏండ్లవి అంటాండారు. అప్పుడు నువ్వు యాడుండావు? నేను యాడుండాను? ఏలీము యాడుండాది? మన పేరు పెట్టి ఎవరూ దాచిపెట్టల్యా కదా. మన బోరు వాళ్ల బోరు కంటే కొంచెం లోతు పడింది, అంతే."

"అంటే ఇచ్చేద్దామంటావా?"

"నేను అనడం ల్యా. నా మాట నేనే వెనక్కు తీసుకుంటాండా. ఇంగ మీ ఇష్టం. గేటు తీయమనేవాళ్లు లేవండి."

మామ కుర్చీ చేతులు పట్టుకుని లేవబోయాడు. నేను పోయి చంకల కింద చేతులు వేసి లేపాను. మనిషి అంటే ఎముకలే, బరువు లేడు. మేం ఇద్దరం అలా నిలబడి ఉండగా ఒక్కొక్కరే లేచారు. కొందరు సువార్తమ్మ మాట విని లేచారు. ఇంకొందరైతే మామ కొత్త లెక్క నమ్మకుండా, పాత పుస్తకాన్నే నమ్మి, నీళ్లు ఏటేటా పుడతాయిలే అన్న ధీమాతో లేచారు. అది వాళ్ల ముఖాల్లోనే తెలుస్తోంది. ఎవరు ఎందుకు లేచారని అడగడానికి నేనెవర్ని? సగం కంటే కొంచెం ఎక్కువమందే అయ్యారు. యాకోబు లేవలేదు. చివరికి మాత్రం, "గేటు తాళం తుప్పు పట్టింది, నూనె పోయాల" అని గొణుక్కుంటూ అందరికంటే ముందు బయటికి పోయాడు.

ఎస్తేరుకు చెప్పాను. అవతల పెద్దగా అరుపులు వినబడ్డాయి. నాకు ఇంకా ఏమీ అనిపించలేదు. వడపోత గుడ్డలు దులపడానికి పోయాను.

సాయంత్రం మామ తన పుస్తకం చివర రాయమని చెప్పి నా చేత రాయించాడు:

"పై లెక్క తప్పుగా కొలిచితిని. నీరు ప్రాచీనమైనది. భూమి ఎంతటిదో నేనెరుగను. చేసినవాడు ఉన్నాడని నమ్ముచున్నాను, ఎప్పుడు చేసెనో ఆయననే అడుగుదును. ఇకమీదట సీసా ముందు, చెంబులు తరువాత."

"తారీఖు ఏమని వేయాలి?" అని అడిగాను.

ఆలోచించాడు. "వారం పేరు రాయి, చాలు."


నమోదు 7. ఆదివారం

కరెంటు సరిగానే ఉంది. గది చల్లగానే ఉంది.

తెల్లవారకముందే వచ్చారు. యాకోబు గేటు తీసి, దుమ్ము లోపలికి వస్తోందని ఒక్కొక్కరినీ తిడుతూ లోపలికి నెట్టాడు. అందరూ వచ్చారు. దారిలో ఎవరూ పోలేదు.

ఎస్తేరు నన్ను చూసి మొదట అన్నది, "ఇన్ని రోజులు పట్టిందా మ్మే ఒక గేటు తీసేదానికి?" పెదవులు పగిలి నల్లగా ఉన్నాయి. దాని వెనక హన్నా. తలకు చుట్టిన గుడ్డలో కళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. దాన్ని కిందటిసారి చూసినప్పుడు పాకుతూ ఉండేది.

కొత్తవాళ్ల వాటాలు సాయంత్రం గాని రాసి ఇవ్వరు. మా ఇంటి వాటా పొద్దున్నే అయిపోయింది. హన్నా ఏమీ అడగలేదు, గోడకు ఆనుకుని కూర్చుంది. అడగకపోవడమే చూడలేకపోయాను. అలమర దగ్గరికి పోయాను. పండుగ రేపే. సొట్ట చెంబు తీసి, గుడ్డ విప్పి, దానికి ఇచ్చాను.

మామ మంచం మీద నుంచి చూశాడు. అది బోరులో పోయాల్సిన నీళ్లు. తన కొడుకువి. నేను ఆయన ముఖం వైపు చూస్తూ నిలబడ్డాను.

"తాగనీ" అన్నాడు.

హన్నా రెండు చేతులతో చెంబు పట్టుకుని తాగింది. సగం తాగి ఆపి, మిగతాది దాచుకోవడానికి గుడ్డ కోసం చూసింది.

"అంతా తాగు నాయనా" అన్నాను.

"రేపటికి?"

"రేపు వేరే ఇస్తారు."

అది వాళ్లమ్మ వైపు చూసింది. ఎస్తేరు తల ఊపాక మిగతాది తాగింది. అడుగు దాకా. అప్పుడు ఎస్తేరు నన్ను పక్కకు లాగింది.

"అక్కా, నిజం చెప్పు. దారిలో అందరూ ఏదేదో అన్నారు. ఈ నీళ్లు ఏటేటా పుడతాయా, పుట్టవా?"

"పుట్టవు. పాతవి. ఒకనాటికి అయిపోతాయి."

"ఎన్నాళ్లకొస్తాయి?"

చెప్పక తప్పదు. అది నా చెల్లెలు. "ఇరవై ఏండ్లు. అంతే ఎస్తేరూ. మీరు రాకుంటే నలభై. ఇప్పుడు ఇరవయ్యే."

అది నా ముఖం వైపు చూసింది. నేను ఎగతాళి చేస్తున్నానేమో అనుకున్నట్టుంది. తర్వాత పగిలిన పెదవులతో నవ్వింది. నెత్తురు చిమ్మింది, తుడుచుకోకుండా నవ్వింది.

"ఇరవై ఏండ్లా! అబ్బో! మ్మే, నేను రేపటిదాకా అడుగుతాండా నిన్ను. ఇరవై ఏండ్లు! హన్నాకు ఇరవయ్యారు వస్తాయి. అది పెండ్లి చేసుకుంటాది, దాని బిడ్డ నడుస్తాది. అంత కాలం ఏం చేసుకోవాల మ్మే మనం?"

నాకు అక్కడ ఏమైందో రాయడం రాదు. గొంతులోంచి ఏదో శబ్దం వచ్చింది, నాది కాదేమో అనుకున్నాను. కూర్చుండిపోయాను. స్టీఫెనును దించిన రోజు నుంచి రానిదంతా వచ్చింది, ముక్కులోంచి, కళ్లలోంచి, చీర తడిసిపోయేంతగా. మామ అటు తిరిగి పడుకున్నాడు. ఆయన భుజాలు కూడా కదులుతున్నాయి. ఎస్తేరు గాబరా పడి కొంగుతో నా ముఖం అద్దడం మొదలుపెట్టింది.

"ఏడ్వాకు అక్కా, ఏడ్వాకు. నీళ్లు దండగ."

"కానీలే" అన్నాను. "ఇరవై ఏండ్లకున్నాయి."